జార్జి చినరీ చిత్రాలలో బెంగాలు పల్లెలు, శిథిలాలు

ఢాకా నగరంలో బుడిగంగ నది ఒడ్డున బడా కట్రా అనే పాత కట్టడం ఉన్నది. మొగలు చక్రవర్తి షాజహాన్ కుమారుడు షా షుజా బెంగాలు సుబేదారుగా ఉన్న కాలంలో, ఆయన దీవాను మీర్ అబుల్ ఖాసిం దానిని నిర్మించాడు. నాలుగు ప్రక్కల 22 గదులు, నడుమ విశాలమైన ముంగిలి, నదివైపు ఎత్తయిన మూడంతస్తుల ద్వారం - ఇదీ దాని తీరు. దానిమీది ఫారసీ శాసనాలలో ఒకటి హిజ్రీ 1055, అనగా క్రీ.శ. 1645-46 నాటిది. షా షుజా ఈ భవనాన్ని బాటసారుల సత్రంగా ఉపయోగించే నిమిత్తం అబుల్ ఖాసింకు ఇచ్చాడనీ, అక్కడ దిగే అర్హులైనవారి వద్ద వక్ఫు నిర్వాహకులు అద్దె పుచ్చుకోరాదని షరతు పెట్టాడనీ ఆ శాసనం తెలుపుతున్నది.

ఆ శాసనం వేసిన 160 ఏండ్ల తరువాత యూరపు చిత్రకారులు అదే కట్టడం ఎదుట కూర్చుండి దాని బొమ్మ గీశారు. ఆ బొమ్మల్లో బీటలు వారిన గోడలున్నాయి, గోడల పగుళ్లలో మొలచిన చెట్లున్నాయి, శిథిలమైన గోపురాలున్నాయి. చూచేవారికి అందంగానే ఉంటాయి. కాని ఆ సత్రం ఎవరికోసం కట్టారో, అక్కడ దిగిన బీదవాని వద్ద అద్దె ఎందుకు తీసుకోరాదో, ఆ ధర్మం ఎప్పుడు ఎట్లా ఆగిపోయిందో ఆ బొమ్మలు చెప్పవు. శాసనం ఒక మాట చెబుతున్నది, బొమ్మ మరొక మాట చెబుతున్నది. చరిత్ర విద్యార్థి ఈ రెండింటినీ ఎట్లా కలిపి చదవాలి? ఢాకాలో నాలుగేండ్లు గడిపి, బెంగాలు పల్లెలనూ శిథిలాలనూ అసంఖ్యాకంగా చిత్రించిన జార్జి చినరీ అనే ఆంగ్ల చిత్రకారుని ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాణుల చిత్రాలు గీయటాన్ని గురించి ఫిఖ్‌హ్ పండితులలో ఉన్న అభిప్రాయాలు పాఠకులకు తెలిసినవే. ఇక్కడ చర్చ అది కాదు. గీయబడి, గ్రంథాలయాలలో భద్రంగా ఉన్న బొమ్మలను చారిత్రక సాక్ష్యంగా ఎంతవరకు స్వీకరించవచ్చునన్నదే మన ముందున్న విషయం.

చిత్రకారుని జీవితం

చినరీ 1774లో లండనులో జన్మించాడు. రాయల్ అకాడమీ పాఠశాలలో చిత్రకళ నేర్చాడు. కొన్నేండ్లు డబ్లిన్‌లో వృత్తి సాగించి, భార్యాబిడ్డలను అక్కడే వదిలి, 1802 చివరలో మద్రాసు చేరుకున్నాడు. అతని సోదరుడు అప్పటికే మద్రాసులో ఉన్నాడు. 1807లో కలకత్తా వెళ్లాడు. 1808 నుండి 1812 వరకు ఢాకాలో గడిపాడు. అక్కడ అతనికి ఆతిథ్యమిచ్చినవాడు ఢాకా కలెక్టరు చార్లెస్ డాయిలీ. డాయిలీ ముర్షిదాబాదులోనే పుట్టిన ఆంగ్లేయుడు. చిత్రకళపై మక్కువ గలవాడు. చినరీ వద్ద శిష్యరికం చేశాడు. ఢాకాలోని పురాతన కట్టడాల చిత్రాలతో డాయిలీ 1814 నుండి భాగాలు భాగాలుగా ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులోని చిన్న బొమ్మలు కొన్ని చినరీవి.

ఆ తరువాత చినరీ కలకత్తాలో పెద్ద పేరు సంపాదించాడు. గవర్నర్లు, న్యాయమూర్తులు, వర్తకులు అతనిచేత తమ రూపచిత్రాలు వేయించుకున్నారు. ఆదాయానికి లోటులేదు గాని ఖర్చు అంతకు మించినది. అప్పులవారి బాధ భరించలేక 1823లో డేన్ల అధీనంలో ఉన్న శ్రీరాంపూరుకు, 1825లో చైనా తీరాన పోర్చుగీసువారి మకావుకు వెళ్లిపోయాడు. మరల ఇంగ్లండు ముఖం చూడలేదు. 1852లో మకావులోనే కన్నుమూశాడు.

అతడు పొట్టపోసుకున్నది రూపచిత్రాలతో. కాని అతని మనస్సు లగ్నమైనది వేరొకచోట. తెల్లవారుజామునే లేచి, కాగితాలు పట్టుకొని బయలుదేరి, కంటబడినదెల్లా పెన్సిలుతో గీసుకొనేవాడు. పూరి గుడిసె, నీడన పడుకున్న ఎద్దు, మేకల మంద, కుండ తలకెత్తుకున్న స్త్రీ, వంట చేసుకుంటున్న కుటుంబం, పడవ, పాడుపడిన సమాధి - ఇవే అతని విషయాలు. ఇంటికి వచ్చిన తరువాత పెన్సిలు గీతలపై సిరాతో దిద్దేవాడు. ఇటువంటి బొమ్మలు వేలకొద్దీ మిగిలాయి. లండను, హాంకాంగు, టోక్యో మొదలైన నగరాల సంస్థలలో అవి భద్రపరచబడి ఉన్నాయి.

సాక్షిని పరీక్షించే పద్ధతి

ఒక వార్త విన్నప్పుడు దానిని తెచ్చినవాడెవడని ముందు విచారించటం, తరువాత ఆ వార్త స్వతహాగా నమ్మదగినదా అని యోచించటం ముస్లిం పండితుల అలవాటు. మొదటిది రివాయత్‌కు, రెండవది దిరాయత్‌కు సంబంధించిన పరీక్ష. హదీసు శాస్త్రంలో ఈ పద్ధతి పరిపూర్ణత చెందింది. చరిత్ర రంగంలో ఇబ్నె ఖల్దూన్ (మరణం క్రీ.శ. 1406) దీనిని మరింత విస్తరింపజేశాడు. మానవ సమాజపు స్వభావంతో సరిపోల్చకుండా వార్తలను మోసుకొచ్చిన చరిత్రకారులను ఆయన తన ముఖద్దిమాలో గట్టిగా విమర్శించాడు. హదీసు నియమాలను ఒక చిత్రకారుని గీతలకు యథాతథంగా అన్వయించాలని మన అభిప్రాయం కాదు. కాని ఆ నియమాల వెనుక ఉన్న బుద్ధి ఇక్కడ కూడా మనకు ఉపయోగపడుతుంది.

మొదట రావీని చూద్దాం. చినరీ తాను చూచినదే గీశాడా? అతని చిత్తు బొమ్మల విషయంలో దీనికి ఆధారమున్నది. అతని కుటుంబంలో గుర్నీ పద్ధతి సంక్షిప్త లిపి వాడుకలో ఉండేది. చినరీ తన బొమ్మల అంచున ఆ లిపిలో చిన్న చిన్న గుర్తులు వ్రాసుకున్నాడు. ఫలానా తేదీ, వెలుగు ఇట్లా పడింది, రంగు ఇది, ఈ భాగం సరిగా వచ్చింది, ఇది మార్చాలి - ఇటువంటివి. ఇతరులకు చూపటానికి కాదు, తన జ్ఞాపకం కోసం వ్రాసుకున్న మాటలివి. తప్పు చేసినచోట తప్పని వ్రాసుకున్న సాక్షి మాటకు విలువ ఎక్కువ.

రెండవ ప్రశ్న: ఎవరికోసం గీశాడు? రూపచిత్రానికి రొక్కం ముట్టేది. కూర్చున్నవాడు గవర్నరైతే అతనిని గంభీరంగా చూపక తప్పదు. చెట్టు క్రింద కునుకుతున్న ఎద్దును గొప్పగా చూపినందువలన వచ్చే లాభమేమీ లేదు. కాబట్టి పల్లె బొమ్మల్లో ముఖస్తుతికి చోటు లేదు.

మూడవ ప్రశ్న: చూచేవాని అభిరుచి ఏమిటి? ఇక్కడ జాగ్రత్త అవసరం. ఆనాటి ఇంగ్లండులో విలియం గిల్పిన్ వంటివారు ఒక రకమైన సౌందర్య దృష్టిని ప్రచారం చేశారు. నునుపైన దానికంటె గరుకైనది, నిలిచియున్న దానికంటె కూలినది బొమ్మకు అందమని ఆ దృష్టి సారాంశం. చినరీ కంటె ముందు భారతదేశానికి వచ్చిన విలియం హాడ్జెస్ (1780-83), థామస్ డేనియల్, అతని అన్న కుమారుడు విలియం డేనియల్ (1786-93) ఈ దృష్టితోనే మన దేశాన్ని చూచారు. చినరీ కూడా ఆ బడిలో చదివినవాడే. కాబట్టి అతడు ఏమి గీశాడన్నదే కాదు, దేనిని వదిలిపెట్టాడన్నది కూడా గమనించాలి. దినమూ అయిదు పూటలా నమాజు జరిగే, సున్నం వేసిన చక్కని మస్జిదు కంటె, పైకప్పు కూలి రావిచెట్టు మొలచిన మస్జిదు అతని కాగితం మీదికి సులభంగా ఎక్కుతుంది. ఆ కాగితాల కట్టను మాత్రమే చూచినవాడు బెంగాలు ముస్లిముల నాగరికత అంతా అప్పటికే గతించిపోయిందని భ్రమపడగలడు.

ఈ దృష్టి ముస్లిముల పట్ల ప్రత్యేకమైన ద్వేషంతో పుట్టినది కాదని కూడా ఒప్పుకోవాలి. మకావులో ఉన్నప్పుడు చినరీ అక్కడి సెయింట్ పాల్ చర్చిని గీశాడు. 1835లో అది అగ్నికి ఆహుతియై ముఖద్వారపు గోడ మాత్రం మిగిలింది. అక్కడ కూడా పడవ నడిపే స్త్రీలు, కమ్మరులు, వీధి మంగలులు, జూదమాడేవారు అతని కాగితాల మీద నిండిపోయారు. మనిషి ఒకడే, చూపు ఒకటే. న్యాయంగా మాట్లాడవలసినచోట న్యాయంగానే మాట్లాడాలి.

గుడిసె చెప్పే చరిత్ర

ఈ బొమ్మల నుండి మనకు లభించే మేలు తక్కువ కాదు. చినరీ మరల మరల గీసిన బెంగాలు పూరింటిని తీసుకోండి. దాని కప్పు తిన్నగా ఉండదు; నడుమ ఎత్తుగా లేచి, రెండు కొసల వైపు విల్లులా వంగుతుంది. వెదురు వాసాలను వంచి గడ్డి కప్పినందువలన వచ్చిన ఆకారమిది. కుండపోతగా కురిసే వాననీరు నిలువక జారిపోవటానికి అది ఎంతో అనువైనది. చినరీ బొమ్మల్లో ఇటువంటి గుడిసె, పాడుపడిన సమాధి ప్రక్క ప్రక్కనే కనిపిస్తాయి. చిత్రకారునికి అది కూర్పులోని అందం. కాని చరిత్ర తెలిసినవానికి ఆ రెండింటికీ బంధుత్వమున్నది.

బెంగాలు సుల్తానులు ఇటుకతో మస్జిదులు, సమాధులు కట్టించినప్పుడు ఈ పల్లె గుడిసె వంపునే వాటి చూరుకు ఇచ్చారు. 15వ శతాబ్ది మొదటి భాగంలో పాండువాలో కట్టిన ఎక్‌లాఖీ సమాధి చూరు అట్లా వంగినదే. సుల్తాను హుసేన్ షా కాలంలో (1493-1519) గౌడనగరంలో కట్టిన ఛోటా సోనా మస్జిదులోనూ ఆ వంపున్నది. దాని నడిమి భాగపు కప్పు నాలుగు వాలుల గుడిసె కప్పును పోలి ఉన్నది. అక్కడితో ఆగలేదు. మొగలుల కాలంలో ఆ వంపు ఉత్తరాదికి ప్రయాణం చేసింది. లాహోరు కోటలో షాజహాన్ కట్టించిన నౌలఖా మంటపానికి బెంగాలు గుడిసె కప్పే పాలరాతి రూపంలో అమరింది. తెలుగులో మనం గొప్ప భవనాన్ని బంగళా అంటాం. ఆ మాటకు మూలం బెంగాలు రైతు పూరిల్లే.

ఇందులో ఒక ముఖ్య విషయమున్నది. బెంగాలులో ఇస్లాం బయటినుండి వచ్చి, పల్లె జీవితంతో పొత్తు లేకుండా కోటగోడల వెనుక మాత్రమే నిలిచిందనే అభిప్రాయం కొందరిలో ఉన్నది. ఆ మస్జిదుల చూరులే దానికి సమాధానం. నేలమీది రైతు తన ఇల్లు కప్పుకున్న తీరునే దైవగృహానికీ కప్పుకున్నాడు. చినరీకి ఈ సంగతి నిరూపించే ఉద్దేశం లేదు. తన కంటికి కనిపించిన గుడిసెను, సమాధిని ఉన్నదున్నట్లు ప్రక్క ప్రక్కన గీశాడు. ఉద్దేశం లేకుండా ఇచ్చిన సాక్ష్యం కనుకనే అది మరింత బలమైనది.

ఇంకొక మేలు కూడా ఉన్నది. 1897 జూన్ నెలలో వచ్చిన గొప్ప భూకంపంలో ఢాకా కట్టడాలు దెబ్బతిన్నాయి. ఆ తరువాత పెరిగిన నగరం మరికొన్నింటిని మింగివేసింది. అందువలన డాయిలీ, చినరీ మొదలైనవారి బొమ్మలు కొన్ని కట్టడాల పూర్వరూపానికి మనకు మిగిలిన అరుదైన ఆధారాలు.

బొమ్మ చెప్పని మాట

ఇక బొమ్మ చెప్పలేనిదేమిటో చూద్దాం. ఢాకాలోని లాల్‌బాగు కోటను ఆనాటి చిత్రకారులు శిథిలంగానే చూపారు. కాని ఔరంగజేబు కుమారుడు ముహమ్మద్ ఆజం 1678లో ప్రారంభించిన ఆ కోట ఎన్నడూ పూర్తి కాలేదు. అతనిని చక్రవర్తి వెనుకకు పిలిపించుకున్నాడు. తరువాత వచ్చిన షాయిస్తా ఖాన్ దానిని ముగించలేదు. అంటే అక్కడ కొంత భాగం కూలినది, కొంత భాగం అసలు లేవనిది. కూలిన గోడకూ లేవని గోడకూ ఉన్న భేదాన్ని పెన్సిలు గీత చూపలేదు. దానికి వ్రాతపూర్వకమైన ఆధారమే కావాలి.

అట్లాగే ఢాకా ఎందుకు శిథిలమైందో కూడా బొమ్మలో కనబడదు. కాలం గడిచింది, కట్టడం కూలిందని చూచేవారికి తోస్తుంది. కాలమొక్కటే కారణం కాదు. మొదట, ముర్షిద్ కులీ ఖాన్ దివానీ కచేరీని 18వ శతాబ్ది ఆరంభంలో ముర్షిదాబాదుకు తరలించాడు; 1717 నాటికి రాజధానే అక్కడికి మారింది. ఈ మార్పు చేసినది ముస్లిం ప్రభుత్వమేనని మరువరాదు. తరువాత 1765లో బెంగాలు దివానీ ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. ప్రపంచ ప్రసిద్ధి గాంచిన ఢాకా మస్లిన్ నేత క్షీణించింది. ఇంగ్లండు మిల్లు బట్ట బజారును ఆక్రమించింది. 1817లో కంపెనీవారు ఢాకాలోని తమ వర్తక కచేరీని మూసివేశారు. 19వ శతాబ్ది ఆరంభంలో ఢాకా జనాభా రెండు లక్షలని ఆనాటి అంచనా. 1830లో లెక్క తీసినప్పుడు సుమారు 67 వేలు మాత్రమే ఉన్నది. చినరీ ఢాకాలో గడిపిన నాలుగేండ్లు ఈ పతనం మధ్యలోనివే. అతని బొమ్మల్లోని నిశ్శబ్దం ప్రకృతి ప్రశాంతత కాదు. మగ్గం ఆగిపోయిన నిశ్శబ్దం.

అన్నిటికంటె ముఖ్యమైనది ధర్మసంస్థల ఆధారం తెగిపోవటం. ఒక మస్జిదు ఇటుకల మీద మాత్రమే నిలబడదు. దానికి ఇమాము, ముఅజ్జిన్, దీపపు నూనె, ఏటేటా సున్నం, వానాకాలానికి ముందు మరమ్మతు కావాలి. వీటన్నింటికీ పన్ను లేని భూములు ఉండేవి. వాటిని లాఖిరాజు భూములు అనేవారు. కంపెనీ ప్రభుత్వం 1793లో చేసిన 19వ రెగ్యులేషన్, 1819లో చేసిన 2వ రెగ్యులేషన్, 1828లో చేసిన 3వ రెగ్యులేషన్ల ద్వారా ఈ భూములపై హక్కు పత్రాలు చూపాలని కోరింది. చూపలేనివారి భూములపై పన్ను విధించింది. తరతరాలుగా అనుభవంలో ఉన్న భూమికి చెదలు తినని పత్రం ఎందరి వద్ద ఉంటుంది? ముస్లిములే కాదు, హిందూ దేవాలయాలు, బ్రాహ్మణ కుటుంబాలు కూడా ఈ విచారణలకు గురయ్యారు. ముస్లిముల విద్యాసంస్థలకు దీనివలన గొడ్డలిపెట్టు వంటి దెబ్బ తగిలిందని 1871లో ప్రభుత్వోద్యోగి విలియం హంటర్ కూడా అంగీకరించాడు. ఆయన చిత్రణలో కొంత అతిశయం ఉన్నదని తరువాతి పరిశోధకులు అన్నా, నష్టం జరిగిందనటంలో భేదాభిప్రాయం లేదు.

మాన్యం పోయిన తరువాత మొదటి ఏడు సున్నం ఆగుతుంది. తరువాతి ఏడు పగులులో రావి గింజ పడుతుంది. పదేండ్లకు చిత్రకారునికి కావలసిన అందం సిద్ధమవుతుంది.

పేరున్నవారు, పేరులేనివారు

చినరీ జీవితంలో హైదరాబాదుకు సంబంధించిన ఒక ఘట్టమున్నది. 1805లో మద్రాసులో అతడు ఇద్దరు పిల్లల నిలువెత్తు రూపచిత్రం వేశాడు. వారు హైదరాబాదు రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్‌కు, హైదరాబాదులోని కులీన కుటుంబానికి చెందిన ఖైరున్నిసా బేగంకు పుట్టినవారు. బాలుడు సాహెబ్ ఆలం, వయస్సు నాలుగేండ్లు. బాలిక సాహెబ్ బేగం, వయస్సు మూడేండ్లు. బొమ్మలో వారు హైదరాబాదు దర్బారు దుస్తులలో ఉన్నారు. ఆ బొమ్మ ముగిసిన కొద్దికాలానికే వారిని ఓడనెక్కించి ఇంగ్లండుకు పంపారు. అదే సంవత్సరం తండ్రి కలకత్తాలో మరణించాడు. మరుసటి ఏడు లండనులో వారికి జ్ఞానస్నానం చేయించి, విలియం జార్జి, కేథరీన్ అరోరా అని పేర్లు మార్చారు. తల్లి ఆ పిల్లలను తిరిగి చూడకుండానే 1813లో కన్నుమూసింది.

ఆ పిల్లల అసలు పేర్లు, అసలు వేషం, వారు తల్లి ఇంట పెరిగిన తీరు ఆ బొమ్మలో నిలిచాయి. అది రూపచిత్రం కనుక, తండ్రి రెసిడెంటు కనుక పేర్లు మనకు దక్కాయి. కాని బెంగాలు పల్లెలో కుండ ఎత్తుకుని నడిచిపోయిన స్త్రీ పేరు చినరీ అడగలేదు. సమాధిలో ఉన్నవారెవరో గోడమీది శాసనం చదివించుకొని వ్రాసుకోలేదు. తేదీ వ్రాశాడు, వెలుగు ఎటునుండి పడిందో వ్రాశాడు, పేరు వ్రాయలేదు. ఇది అతని నేరమని అనటం లేదు. అతని పని అది కాదు. ఆ పని మనది.

మన కర్తవ్యం

బడా కట్రా శాసనం లేకపోతే ఆ కట్టడం మనకు ఒక అందమైన శిథిలం మాత్రమే. చిత్రకారుని బొమ్మ లేకపోతే శాసనంలోని భవనం ఎట్లా ఉండేదో ఊహించుకోవటం కష్టం. రెండూ కలిస్తేనే చరిత్ర. కాబట్టి యూరపువారు గీశారన్న కారణంతో ఈ బొమ్మలను త్రోసిపుచ్చటమూ తప్పే. వారు గీసినదంతా మన చరిత్ర అని తలవంచి అంగీకరించటమూ తప్పే. సాక్షిని గౌరవించాలి, ప్రశ్నించాలి కూడా.

భూమిపై సంచరించి పూర్వజాతుల పర్యవసానాన్ని గమనించమని దివ్య ఖుర్ఆన్ పలుమార్లు ఆదేశిస్తున్నది. గమనించటమంటే చూచి ఆనందించటం కాదు, కారణం తెలుసుకోవటం. తెలుగునాట మన ఊళ్లలోనూ పాత మస్జిదులున్నాయి, ఖబరస్తానులున్నాయి, గడపమీది ఫారసీ అక్షరాలు అరిగిపోతున్న దర్గాలున్నాయి. వాటి బొమ్మ తీసుకోవటం ఈనాడు ఎవరికైనా క్షణంలో పని. ఆ శాసనం చదివించి వ్రాసిపెట్టుకోవటం, ఆ మస్జిదుకు ఏ సర్వే నెంబరులో ఎంత భూమి వక్ఫయిందో పత్రాలు వెదకి భద్రపరచటం, ఊరి పెద్దలు చెప్పే మాటను తేదీతో సహా నమోదు చేయటం - వీటికి మాత్రం ఓపిక కావాలి.

బడా కట్రాలో మిగిలిన భాగంలో 20వ శతాబ్దంలో ఒక మద్రసా వెలసింది. అద్దె లేకుండా అర్హులకు నీడనివ్వాలన్న షరతుతో లేచిన గోడల మధ్య పిల్లల చదువు సాగింది. శిథిలమని చిత్రకారులు గీసిన చోట జీవితం పూర్తిగా ఆరిపోలేదు. ఆ సంగతి ఏ బొమ్మలోనూ లేదు. ఆ శాసనాన్ని ఎవరో ఓపికగా చదివి వ్రాసిపెట్టారు కనుకనే ఆ గోడల అసలు ఉద్దేశం మనకు తెలిసింది.